ఊపిరితిత్తుల మచ్చల జబ్బు ఒక్కసారిగా ముదిరితే ఎవరు బతికేరు? తొంభై ఏళ్ల కథ

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటది. రాత్రి హాస్టల్లో తీరిగ్గా కూర్చుని చదవండి.

మన ఊర్లలో ఒక మాట మీరందరూ వినే ఉంటారు. "బాగానే తిరిగేవాడు, కొంచెం ఆయాసం ఉండేది అంతే, వారం రోజుల్లో ఎలిపోయేడు." ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా, అటు మందస కొండల మీద, ఇటు మెళియాపుట్టి వైపు, ఈ మాట వినని ఊరు ఉండదనుకుంటాను. గాలి తగిలింది అంటారు. చేతబడి అంటారు. టీబీ ముదిరింది అంటారు. చాలా సార్లు నిజంగానే టీబీ, లేకపోతే గుండె జబ్బు కూడా అవుతది. కానీ అందులో కొన్ని చావులకి వేరే పేరుంది. ఆ పేరు ఎలా వచ్చింది, ఆ వారం దాటి బతికినవాళ్లు ఎవరు, ఎందుకు బతికేరు అన్నదే ఈ పోస్టు. నేను డాక్టరు చదువు చదవట్లేదు, డిగ్రీలో నాది చరిత్ర. అందుకే చరిత్రగానే రాస్తున్నాను.

ముందు జబ్బు ఏటో చెప్పుకుందాం. ఊపిరితిత్తి స్పంజి లాంటిది. గాలి లాగితే ఉబ్బాలి, వదిలితే ముడుచుకోవాలి. కత్తి గాటు మానిన చోట చర్మం గట్టిగా ఎలా అవుతదో, అలా లోపల మచ్చలు పడి స్పంజి తోలులా తయారైపోతే దాన్ని ఫైబ్రోసిస్ అంటారు. మచ్చ పడ్డ భాగం మళ్లీ తెరుచుకోదు. రాయి దుమ్ము వల్ల పడితే సిలికోసిస్. పావురాల రెట్టలు, బూజు పట్టిన గడ్డి, కూలర్‌లో నిల్వ నీటి బూజు లాంటివి పడకపోయినా ఒక రకం వస్తది. కీళ్ల వాతంతో ఇంకో రకం. ఏ కారణమూ దొరక్కపోతే ఇడియోపతిక్ పల్మనరీ ఫైబ్రోసిస్, పొట్టిగా ఐ.పి.ఎఫ్. ఇడియోపతిక్ అంటే తేలిగ్గా చెప్పాలంటే కారణం తెలీదు అని. ఉద్దానంలో పుట్టినోళ్లకి ఈ మాట కొత్త కాదు. కిడ్నీ జబ్బు గురించి ఎన్నేళ్లుగానో మనకి చెప్తున్నది అదే కదా.

ఈ మచ్చల జబ్బు మామూలుగా నెమ్మదిగా పోతది. ఈ ఏడు గట్టెక్కడానికి ఒకసారి ఆగుతాడు, వచ్చే ఏడు రెండు సార్లు. పొడి దగ్గు, వేళ్ల చివర్లు గుండ్రంగా ఉబ్బడం. స్టెతస్కోపు వీపు కింద పెడితే చెప్పుల పట్టీ లాగినట్టు చిరచిరమని చప్పుడు. అలా ఏళ్ల తరబడి నడిచిన మనిషికి ఒక్కసారిగా, కొన్ని రోజుల్లోనో కొన్ని వారాల్లోనో, మంచం మీద కూర్చున్నా ఊపిరి అందదు. ఎక్స్‌రేలో రెండు పక్కలా తెల్లగా కమ్మేస్తది. దీన్ని అక్యూట్ ఎగ్జాసర్బేషన్ అంటారు. మనం "ఒక్కసారిగా ముదరడం" అనుకుందాం.

దీని దగ్గరి చుట్టం లాంటి జబ్బుని కాగితం మీద పెట్టింది అమెరికాలో, బాల్టిమోర్‌లో ఉన్న జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి డాక్టర్లు ఇద్దరు, లూయిస్ హామన్, ఆర్నాల్డ్ రిచ్. 1935లో ఒకసారి, 1944లో ఇంకా వివరంగా రాసేరు. వాళ్ల దగ్గరికొచ్చిన నలుగురు రోగులు కొద్ది నెలల్లోనే చనిపోయేరు. కోసి చూస్తే ఊపిరితిత్తుల్లో గట్టి కణజాలం. అప్పటికి టీబీ కాదు, న్యుమోనియా కాదు, మరేటిది? చాలా కాలం దాన్ని హామన్-రిచ్ జబ్బు అనే పిలిచేరు. నలుగురే రోగులు, కానీ ప్రపంచమంతా పేరు తెలుసుకుంది.

అదే రోజుల్లో అదే దేశంలో ఇంకోటి జరిగింది. అది చదివినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 1930లో వెస్ట్ వర్జీనియాలో గాలీ బ్రిడ్జ్ అనే ఊరి దగ్గర కొండ కింద సొరంగం తవ్వడం మొదలుపెట్టేరు. కరెంటు కోసం నది నీళ్లు మళ్లించడానికి. హాక్స్ నెస్ట్ సొరంగం. కూలీల్లో ఎక్కువ మంది దక్షిణాది నుంచి వచ్చిన నల్లజాతి వాళ్లు. కొండ లోపల దాదాపు శుద్ధమైన సిలికా. నీళ్లు పోసి తవ్వితే దుమ్ము లేవదు, కానీ పని నెమ్మదిస్తది. కాబట్టి పొడిగానే తవ్వించేరు. మామూలు సిలికోసిస్‌కి పదేళ్లు, ఇరవయ్యేళ్లు పడతది. వీళ్లకి నెలల్లోనే వచ్చింది. కంపెనీ డాక్టర్లు దాన్ని "సొరంగం జబ్బు" అని ఒక ఉత్తుత్తి పేరు పెట్టి నల్ల మాత్రలు ఇచ్చేరు. చనిపోయినవాళ్లని కొందరిని ఎవరిదో పొలంలో పాతేరు. కంపెనీ ఒప్పుకున్న లెక్క 109. 1936లో అమెరికా పార్లమెంటు కమిటీ విచారణలో 476 అన్నారు. 1986లో మార్టిన్ చెర్నియాక్ అనే డాక్టరు పాత రికార్డులన్నీ తిరగేసి కనీసం 764 అని తేల్చేడు. సొరంగం ఎవరి కోసమో తెలుసా? యూనియన్ కార్బైడ్ కోసం. అవును, 1984 భోపాల్ యూనియన్ కార్బైడే.

చూడండి, ఒకే దశాబ్దం. ఆసుపత్రిలో నలుగురు చనిపోతే జబ్బుకి డాక్టర్ల పేరొచ్చింది. సొరంగంలో వందల మంది చనిపోతే లెక్క తేలడానికే యాభై ఏళ్లు పట్టింది.

మన వైపు కథ కోలార్ బంగారు గనులది. కేజీఎఫ్ సినిమా మన గ్రూపులో చూడనివాళ్లు లేరు. ఆ సినిమాలో దగ్గు ఎక్కడా వినబడదు, అదే నాకు విచిత్రం. అసలు గనిని 1880 నుంచి నడిపింది జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ కంపెనీ. కూలీలు ఎక్కువగా చుట్టుపక్కల తమిళ, తెలుగు జిల్లాల దళితులు, పేదలు. మన చిత్తూరు అక్కడికి ఎంతో దూరం కాదు. వైద్య విద్యార్థుల పాఠ్యపుస్తకాల్లో మన దేశంలో సిలికోసిస్ మొదట బయటపడింది 1947లో కోలార్‌లో అని ఉంటది. అంటే గని మొదలైన అరవై ఏడేళ్లకి. ఆ అరవై ఏడేళ్లు దగ్గినవాళ్లందరూ ఏ జబ్బుతో పోయేరని రాసుకున్నారో ఊహించుకోండి. గని 2001 ఫిబ్రవరి 28న మూతపడింది.

ఇంకా దగ్గరగా మనలాంటోళ్ల కథ కావాలంటే గోధ్రా. మధ్యప్రదేశ్‌లో అలీరాజ్‌పూర్, ఝాబువా, ధార్ జిల్లాల భిల్, భిలాలా ఆదివాసీలు కరువొస్తే సరిహద్దు దాటి గుజరాత్‌కి వలస పోయేవారు. గోధ్రా దగ్గర క్వార్ట్జ్ రాయిని పొడి చేసే ఫ్యాక్టరీల్లో పని. ఆ పొడి గాజు పరిశ్రమకి పోతది. కొన్ని నెలలు పనిచేసి ఇంటికొచ్చినవాళ్లు వరసగా చనిపోయేరు. అన్నదమ్ములు, మొగుడూ పెళ్లాం, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు. ఊర్లో డాక్టరు దగ్గరికి పోతే టీబీ మందులు. సంఘాలు ఇంటింటికీ తిరిగి పేర్లు రాసేయి. 2006లో సుప్రీంకోర్టులో కేసు వేసేరు. 2010లో జాతీయ మానవ హక్కుల కమిషన్ 238 మంది కుటుంబాలకి తలా మూడు లక్షలు ఇమ్మని గుజరాత్‌కి చెప్పింది. అది చేతికి రావడానికి 2016 మే నెలలో సుప్రీంకోర్టు మళ్లీ ఆర్డరు వెయ్యాల్సొచ్చింది. కోర్టులో నిలబడింది ఆ పేర్ల జాబితా. పేరు లేనోడికి డబ్బు లేదు.

ఇక ఒక్కసారిగా ముదిరినవాళ్లు ఎంతమంది బతుకుతారన్న లెక్క. దీని మీద ముందు పట్టుదలగా పనిచేసింది జపాన్ వాళ్లు. నెమ్మదిగా పోయే ఐ.పి.ఎఫ్. రోగి ఒక్కసారిగా కూలిపోవడం వాళ్లు 1980ల నుంచే గమనిస్తూ ఒక పేరు పెట్టుకున్నారు. 1993లో కొందో అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు ముగ్గురు రోగుల గురించి ఇంగ్లీషు పత్రికలో రాసేక మిగతా ప్రపంచం పట్టించుకుంది. అప్పటి దాకా యూరప్, అమెరికా డాక్టర్లకి ఇది నెమ్మదిగా చంపే జబ్బు, అంతే. 2011లో కొరియా వాళ్లు 461 మంది ఐ.పి.ఎఫ్. రోగుల రికార్డులు చూసేరు. ఏడాదిలో నూటికి 14 మందికి, మూడేళ్లలో నూటికి దాదాపు 21 మందికి ఇలా ఒక్కసారిగా ముదిరింది. అలా ఆసుపత్రిలో చేరినవాళ్లలో సగం మంది అక్కడే పోయేరు. వేరే దేశాల లెక్కలు కూడా కలిపి 2016లో అంతర్జాతీయ డాక్టర్ల బృందం ఒక మాట రాసింది. ఒక్కసారిగా ముదిరిన తర్వాత రోగులు బతికే కాలం, మధ్యరకంగా చూస్తే, మూడు నాలుగు నెలలు.

మూడు నాలుగు నెలలు అంటే అందరూ అప్పుడే పోతారని కాదు, ఇది తప్పుగా అర్థం చేసుకోకండి. సగం మంది అంతకు ముందే, సగం మంది ఆ తర్వాత. ఏళ్లు బతికినవాళ్లు కూడా ఉన్నారు.

ఆ 2016 బృందమే ఇంకో మంచి పని చేసింది. అంతకు ముందు, 2007 నియమం ప్రకారం, ఏ కారణమూ కనబడకపోతేనే దీన్ని ఎగ్జాసర్బేషన్ అనాలి. 2016లో ఆ షరతు తీసేసేరు. జ్వరం, ఇన్ఫెక్షన్, ఆపరేషన్, తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోవడం, ఏదైనా దీన్ని రేపొచ్చు. నెల లోపల ముదరాలి, రెండు పక్కలా కొత్త తెలుపు కనబడాలి, గుండె ఫెయిలవడం వల్ల కాకూడదు. అంతే.

మరి మందులు? ఇక్కడ చరిత్ర కొంచెం భయపెడతది. ఎన్నో ఏళ్లు మచ్చల జబ్బుకి స్టెరాయిడ్, దానికి తోడు రోగనిరోధక శక్తిని తగ్గించే మందు కలిపి ఇచ్చేవారు. అందరూ ఇస్తున్నారు కాబట్టి మంచిదే అనుకున్నారు. అమెరికాలో దాన్ని సరిగ్గా పరీక్షిస్తే, ఆ మందులు తీసుకున్నవాళ్లే ఎక్కువ మంది చనిపోతున్నారని తేలి మధ్యలో ఆపేసేరు. 2012లో ఫలితం ప్రచురించేరు. ఒక్కసారిగా ముదిరినప్పుడు సైక్లోఫాస్ఫమైడ్ అనే ఘాటు మందు కూడా ఇచ్చేవారు. ఫ్రాన్స్‌లో 119 మంది మీద పరీక్షించి 2022లో రాసేరు. మూడు నెలల్లో మందు పడ్డవాళ్లలో నూటికి 45 మంది పోయేరు, పడనివాళ్లలో 31 మంది. స్టెరాయిడ్ ఇప్పటికీ ఇస్తారు, వేరే దారి లేక. వెంటిలేటర్ గురించి పాత అధ్యయనాల్లో పది మందిలో దాదాపు తొమ్మిది మంది బయటికి రాలేదు. 2016లో అమెరికా ఆసుపత్రుల పెద్ద రికార్డుల్లో అది సగానికి దగ్గరగా వచ్చింది. ఊపిరితిత్తుల మార్పిడి హైదరాబాద్‌లో చేస్తున్నారు, కానీ ఎన్ని ఇళ్లు, ఎన్ని ఎకరాలు అమ్మాలో మీకు నేను చెప్పక్కర్లేదు. చేయించుకున్నా చాలామందికి ఐదారేళ్లే.

కాబట్టి ఆ వారంలో ఆసుపత్రిలో చేసేది తక్కువ. ఆక్సిజన్, ఇన్ఫెక్షన్‌కి మందు, ఊపిరాడని బాధ తగ్గించే మందు. మరి బతికినవాళ్లు ఎవరు? ఈ లెక్కలన్నీ తిరగేస్తే నాకు అర్థమయిందేటంటే, ఆ వారంలో ఎవరు బతుకుతారన్నది చాలావరకు ఆ వారానికి ముందే తేలిపోతది. ముదిరే ముందు ఊపిరితిత్తిలో ఎంత మంచి భాగం మిగిలి ఉందో దాని మీద ఆధారపడి ఉంటది. సగం మిగిలినోడు దెబ్బ తట్టుకుంటాడు, పావు మిగిలినోడు తట్టుకోలేడు. ఆ మంచి భాగాన్ని కాపాడే మందులు ఇప్పుడున్నాయి. పిర్‌ఫెనిడోన్ 2008లో జపాన్‌లో వచ్చింది. మన సిప్లా కంపెనీ 2010లోనే ఇక్కడ అమ్మడం మొదలుపెట్టింది, అమెరికా ఒప్పుకున్నది 2014లో. ఈ ఒక్క విషయంలో మనం వాళ్లకంటే ముందు! అదే 2014లో నింటెడానిబ్ మీద వెయ్యి మందికి పైగా రోగుల పరీక్ష బయటికొచ్చింది. ఊపిరితిత్తి తగ్గిపోయే వేగాన్ని దాదాపు సగం చేసింది. 2019లో ఐ.పి.ఎఫ్. కాని, ముదురుతూ పోయే ఇతర మచ్చల జబ్బులకి కూడా అది పనిచేస్తదని చూపించేరు. ఇవి పడ్డ మచ్చని తియ్యలేవు. కొత్త మచ్చని నెమ్మదింపజేస్తాయి. కానీ జబ్బు పేరు ముందు తెలిస్తేనే కదా ఇవి రాసేది.

ఆ పేరు దగ్గరే మనవాళ్లు ఆగిపోతున్నారు. మా మావయ్య టెక్కలి వైపు క్వారీలో పదేళ్లు జాక్ హేమర్ పట్టేడు. ఆ వైపు గ్రానైట్ దేశ దేశాలకి పోతది, మెరుగు పెట్టేక నీలంగా ఎంత బాగుంటదో. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటది, క్వార్ట్జ్ అంటే సిలికాయే. మొహానికి తువ్వాలు కట్టుకునేవాడు, తువ్వాలు ఆపేది కంటికి కనబడే దుమ్ముని. ఊపిరితిత్తి అడుక్కి పోయేది కంటికి కనబడదు. దగ్గొచ్చింది. తెమడ పరీక్షలో ఏమీ లేదన్నారు, అయినా ఆరు నెలలు టీబీ మందులు. రెండేళ్ల తర్వాత మళ్లీ ఆరు నెలలు. ఏం పని చేస్తావని అడిగినవాళ్లు లేరు. ఒక పుష్యమాసంలో జ్వరం వచ్చింది, నాలుగో రోజుకి పెదాలు నల్లబడ్డాయి, తొమ్మిదో రోజుకి లేడు. కాగితం మీద ఊపిరాడక చనిపోయేడనే రాసేరు. ఊపిరాడక అందరూ పోతారు, ఎందుకు ఆడలేదో రాయాలి కదా.

ఒక మాట కచ్చితంగా చెప్పాలి. సిలికోసిస్ ఉన్నవాళ్లకి టీబీ నిజంగానే ఎన్నో రెట్లు ఎక్కువ వస్తది. కాబట్టి టీబీ మందులు రాస్తే మింగొద్దని నేను అనట్లేదు. తెమడ పరీక్ష చేయించుకోవాల్సిందే, టీబీ తేలితే మందులు పూర్తిగా వాడాల్సిందే. టీబీతో పాటు ఇది కూడా ఉందేమో అని అడగాలి. రెండోసారి కోర్సు అయ్యేక కూడా ఆయాసం తగ్గకపోతే సీటీ స్కాన్ తియ్యమని అడగాలి. "నేను రాయి పని చేసేను, ఇన్నేళ్లు" అని మొదటి మాటగా చెప్పాలి. డాక్టరు అడక్కపోయినా చెప్పాలి.

దేశంలో ఇలాంటి జబ్బులు ఏవి ఎక్కువన్నది 2012 నుంచి 2015 దాకా 19 నగరాల్లో 1,084 మంది రోగులని చూసి ఒక పెద్ద లెక్క తీసేరు. దాదాపు సగం మందికి బూజు, పక్షుల లాంటివి పడకపోవడం వల్ల వచ్చే రకం. ఐ.పి.ఎఫ్. నూటికి 14 లోపే. అంటే మన దేశంలో ఎక్కువ మందికి కారణం ఉంది, వెతికితే దొరికింది. నగరాల లెక్క ఇది. మందస కొండ మీద నుంచి నగరంలో ఛాతీ డాక్టరు దాకా ఎంతమంది పోతారో మీకు తెలుసు. ఇచ్ఛాపురం వాళ్లకి సరిహద్దు దాటితే బరంపురం దగ్గర. విశాఖ పోవాలంటే సగం రోజు రైలు, బస్సు.

ఉద్దానంలో కిడ్నీ విషయంలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఈ ఏడు మండలాల్లో ఊరూరా రక్తం తీసి క్రియాటినిన్ చూసి లెక్క కట్టేరు. లెక్క వచ్చేకే డయాలసిస్ సెంటర్లు వచ్చేయి, హిరమండలం నుంచి తాగునీరు వచ్చింది, 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచేరు. కారణం పూర్తిగా తేలకముందే ఇవన్నీ వచ్చేయి. క్రియాటినిన్ అనే మాట ఇప్పుడు మన అమ్మమ్మలకి కూడా నోరు తిరుగుతది. ఊపిరితిత్తుల కోసం అలాంటి క్యాంపు మా పంచాయితీలో నేనైతే చూళ్లేదు.

చెయ్యడానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. కరోనా టైంలో కొన్న వేలికి పెట్టే ఆక్సీమీటర్లు చాలా ఊర్లలో ఆశా అక్కల దగ్గర ఉంటాయి. క్వారీ పని చేసినోడిని కూర్చోబెట్టి ఒకసారి, ఆరు నిమిషాలు నడిపించి ఒకసారి చూడాలి. కూర్చున్నప్పుడు 96 ఉండి నడిచేక 88కి పడిపోతే ఆ మనిషికి లోపల ఏదో ఉన్నట్టే, ఛాతీ డాక్టరు దగ్గరికి పంపాలి. మచ్చల జబ్బు ఉందని ముందే తెలిసిన మనిషికి జ్వరం, దగ్గు వస్తే మూడు రోజులు కషాయం తాగి చూద్దాం అనడానికి లేదు, ఆ రోజే బయల్దేరాలి.

డబ్బు సంగతి కూడా చెప్పేస్తాను. సిలికోసిస్ చట్టంలో పని వల్ల వచ్చే జబ్బే. 1923 నాటి పరిహారం చట్టం షెడ్యూల్లో ఉండేది, ఫ్యాక్టరీల చట్టంలో ఉండేది. కానీ క్వారీలో మనోళ్లకి హాజరు కాగితమే ఉండదు, మేస్త్రీ కింద పని. రాజస్థాన్‌లో కూడా ఇదే గొడవ ఉండేది. వాళ్లు 2019 అక్టోబర్‌లో సిలికోసిస్ కోసం ప్రత్యేకంగా ఒక పాలసీ తెచ్చేరు. డాక్టర్ల బోర్డు సర్టిఫికెట్ ఇస్తే మనిషి బతికుండగానే మూడు లక్షలు, పోయేక కుటుంబానికి రెండు లక్షలు. బతికున్నోడికే ఎక్కువ, అది గమనించండి.

మా ఊర్లో నేను, ఇద్దరు తమ్ముళ్లు కలిసి సంక్రాంతి సెలవుల్లో ఒక నోటుబుక్కు మొదలుపెట్టేం. పేరు, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా రాయి పని, డ్రిల్లింగా, కటింగా, పాలిషా, టీబీ మందులు ఎన్నిసార్లు, తెమడలో వచ్చిందా లేదా. చనిపోయినవాళ్లకి వేరే పేజీ, అందులో మావయ్య పేరు మొదటిది. పాత ఎక్స్‌రేలు చాలా ఇళ్లల్లో ఇంకా ఉన్నాయి, చూరులో దోపి పెట్టేరు, కొన్ని పిల్లలు గ్రహణం చూడ్డానికి కోసేసేరు. మిగిలినవి తేదీ రాసి కవర్లలో పెడుతున్నాం. మెళియాపుట్టి, నందిగాం, సారవకోట వైపు ఎవరైనా ఇలాగే రాస్తే ఆ కాలమ్స్ నేను పంపుతాను, అందరిదీ ఒకే తీరుగా ఉంటే తర్వాత కలపడం తేలిక.